తలుపులు మూస్తేనే ఎగిరే విమానాలు: మా రాజేశం

పొద్దున చాయ్ గ్లాసు సగంలోనే కింద పెట్టి, "వదినె, ఛాతిల ఏదో బరువున్నట్టున్నది" అన్న మనిషి, ఎండ నడినెత్తికి రాకముందే మమ్మల్ని విడిచి వెళ్ళిపోయాడు. నా మరిది, మన తెలుగు నేత సంఘం సభ్యుడు, సూరత్ ఖటోదరా మగ్గాల మధ్య సగం ఆయుష్షు గడిపిన రాజేశం దివంగతుడయ్యాడని మన పత్రికలో రాయడానికి నాకు చేతులు రావడం లేదు. దిగ్భ్రాంతి అనే మాటను పేపర్లలో చూసేదాన్ని, అది ఎవరి ఇంట్లోనో జరిగేదనుకునేదాన్ని. మన ఇంట్లోకి వచ్చినప్పుడు ముందుగా చెవులు పనిచేయవనీ, పక్కన గుండెలు బాదుకుంటున్నది సొంత తోడికోడలేనని తెలియడానికి కూడా కొంత సేపు పడుతుందనీ ఇప్పుడు తెలిసింది.

అంబులెన్సు వచ్చింది. మనుషులు దిగి వెనుక తలుపులు తెరిచారు. రాజేశం ఆ తెల్లటి లోపలి భాగాన్ని ఒకసారి చూసి నా మణికట్టు పట్టుకున్నాడు. "వదినె, గా బండిల వద్దు. ఆటోల పోదాం. నీకు దండం పెడుత" అన్నాడు. మా ఇంటాయన మల్లేశం తమ్ముణ్ణి తిట్టాడు, బతిమాలాడు, చివరికి తనే ఉరికి ఆటో తెచ్చాడు. ఆటోకు తలుపులు ఉండవు కదా. ఆస్పత్రి ఇంకా కనిపించకముందే రాజేశం తల నా భుజం మీదికి ఒరిగింది. ఏ బండిలో తెచ్చినా ఇంతే అయ్యేదని, వచ్చింది అంత పెద్దదని డాక్టరు చెప్పాడు. అతని భార్య కళ ఆ మాట నమ్మడం లేదు. నేను నమ్ముదామని చూస్తున్నాను.

ఇంటికి తెచ్చిన తర్వాత మరో భయం మా ముంగిట్లోకి వచ్చి నిలబడింది. సిరిసిల్లలో ఆడబిడ్డ దగ్గర ఉంటున్న మా అత్తమ్మ కొడుకు ముఖం చూడాలి. ఆమె రైలు దిగేది మరుసటి రోజు. సూరత్ ఉక్క సంగతి మీకు తెలియనిది కాదు. సంఘం పిల్లగాళ్ళు మంచు పెట్టె తెప్పించారు. అందులో రాజేశాన్ని పడుకోబెట్టారు. పెట్టె తెచ్చినవాడు వైరు ప్లగ్గులో పెట్టి, గాజు మూత రెండు చేతులతో ఎత్తి పట్టుకుని, "బహెన్, జల్దీ బోలో, గర్మీ బహుత్ హై" అన్నాడు, ఎండ ఎక్కువగా ఉంది, తొందరగా చెప్పమని. కళ వచ్చి ఆ పెట్టె మీద అడ్డంగా పడింది. "మూత ఎయ్యనియ్య. సచ్చిపోతడు" అన్నది.

చచ్చిపోయిన మనిషి గురించి ఆ మాట అంటే అక్కడ ఒక్కరూ నవ్వలేదు. ఆ మూత వేయడమా, మానడమా అనేదే ఆ పూట మా ఇంటి ముందున్న ప్రశ్న. మాకది అంత కష్టం ఎందుకయిందో తెలియాలంటే రాజేశం ఎలాంటివాడో తెలియాలి.

నేను కోడలిగా సూరత్‌కు వచ్చేసరికి రాజేశానికి ఇంకా మీసాలు సరిగా రాలేదు. అన్న వెంట మగ్గం నేర్చుకోవడానికి వచ్చాడు. మాటకారి, పాటకారి కూడా. మగ్గాల చప్పుడులో మాట వినపడదు కదా, అందుకని చేతులతో, కనుబొమలతో జోకులు చెప్పేవాడు. షిఫ్టు దిగి వచ్చాక కూడా అదే అలవాటు. అన్నం గిన్నె చూపించి కనుబొమ ఎగరేస్తే "కూర మాడినట్టున్నది" అని అర్థం. నేను గరిటె చూపిస్తే "మంచిగున్నది, మంచిగున్నది" అని దండం పెట్టేవాడు. కళను చేసుకున్నాక, కూతురు స్రవంతి పుట్టాక కూడా ఆ పిల్లగాడి నవ్వు పోలేదు.

అది పోయింది గూడ్స్ లిఫ్టులో. మగ్గాల పని తగ్గినప్పుడు కొన్నాళ్ళు ఒక బట్టల మార్కెట్లో తాకాలు, అంటే నేసిన బట్టల మూటలు, పై అంతస్తులకు చేర్చే పనికి వెళ్ళాడు. ఒకనాడు మూటలతో పాటు లిఫ్టులో ఉండగా కరెంటు పోయి అది రెండు అంతస్తుల మధ్య ఆగింది. కింద ఎక్కడో వైరు కాలి పొగ లేచింది. జనం మెట్ల మీదుగా బయటికి ఉరికారు. లిఫ్టులో ఒక మనిషి ఉన్నాడని ఎవరికీ గుర్తు రాలేదు. మంట పెద్దది కాలేదు, ఎవరికీ ఏమీ కాలేదు. సాయంత్రం లిఫ్టు నడిపేవాడు తిరిగి వచ్చి తలుపు వంచి తీస్తే, రాజేశం మూటల మీద బోర్లా పడుకుని ఉన్నాడట. గొంతు పోయింది. చాలా రోజులు మాట గుసగుసగానే వచ్చింది. లోపల ఏమైందని నేను అడిగితే, "ఏం గాలే వదినె. చీకటున్నది, గంతే" అనేవాడు.

తర్వాత మా ఇంట్లో తలుపులు మూతపడలేదు. గడియలన్నీ స్క్రూడ్రైవరుతో ఊడదీశాడు. స్నానాల గదికి కూడా పరదానే. మేము ఒకరు లోపలికి వెళ్తే ఒకరు బయట కాపలా కూర్చునేవాళ్ళం. చుట్టాలు వస్తే పెద్ద తంటా. కళ మేనమామ ఒకాయన స్నానం అయ్యేదాకా గట్టిగా భజన పాడుతూనే ఉన్నాడు, ఎవరన్నా పరదా తీస్తారేమోనని. బయట కూర్చున్న రాజేశం చిటికెలతో తాళం వేశాడు. ఆ మేనమామ మళ్ళీ మా ఇంటికి రాలేదు. బీఆర్‌టీఎస్ బస్సు తలుపులు వాటంతట అవే మూసుకుంటాయని పాత సైకిలు కొన్నాడు. రాత్రిపూట గాలికి తలుపు కొట్టుకుంటుందేమోనని రాయి అడ్డం పెట్టేవాడు. మనిషి నవ్వుతూనే ఉండేవాడు, కానీ ఏ ఇంటికి వెళ్ళినా అతని కళ్ళు ముందు తలుపును వెతికేవి. ఆ చూపు చూసి చూసి మాక్కూడా భయం పట్టుకుంది. ఇప్పటికీ కొత్త ఇంటికి వెళ్తే ముందు నేను బయటికి దారి చూసుకుంటాను.

మగ్గాల షెడ్డులోకి ఇక వెళ్ళలేకపోయాడు. అడాజన్‌లో ఒక బ్యాడ్మింటన్ హాలుకు కాపలా పని దొరికింది. గేటు దగ్గర, ఆకాశం కింద కుర్చీ. అక్కడికి మధ్యాహ్నం పూట ఆడేవాళ్ళు లేనప్పుడు హస్ముఖ్‌భాయ్ అనే రిటైరయిన డ్రాయింగు మాస్టారు, తన దోస్తులతో వచ్చేవాడు. వాళ్ళు ఫ్యాన్లు ఆపి, కిటికీలు, తలుపులు అన్నీ బిగించి, అరచేతిలో పట్టే విమానాలను రిమోటుతో ఎగరేసేవాళ్ళు. రాజేశం బయటి నుంచి అద్దాల కిటికీ ఊచలకు ముఖం ఆనించి చూసేవాడు. ఇంటికి వచ్చి నాకు చెప్పినప్పుడు అతని చేయి గాలిలో మెల్లగా తిరిగింది. "వదినె, మనిషి నడిచినంత నిమ్మలంగ పోతది. సప్పుడు దోమ లెక్కనే. బరువు చూస్తే ఈక."

"లోపలికి రా రాజేశ్‌భాయ్" అని హస్ముఖ్‌భాయ్ ఎన్నిసార్లు పిలిచినా, "నహీ మాస్టర్‌జీ, ఇధర్ ఠీక్ హై" అని ఊచల దగ్గరే ఉండేవాడు. చూసి చూసి, ఆ పెద్దాయన ఒకరోజు రెక్క విరిగిన విమానాన్ని మిఠాయి డబ్బాలో పెట్టి చేతికిచ్చాడు. ఆ డబ్బాతోనే మా ఇంటికి కొత్త పిచ్చి వచ్చింది.

ఏమాటకామాటే, మొదట్లో అతను చేసిన విమానాలు ఎగరలేదు. ఒకటి నేరుగా గోడకు కొట్టుకుంది, ఒకటి నేల మీద ఎలుకలా పాకింది. అయినా వదలలేదు. పల్చటి ఫోమ్ షీటును ఉప్పు కాగితంతో ఇంకా పల్చగా రుద్దేవాడు. వెంట్రుకంత కార్బన్ పుల్లలు, గోరంత బ్యాటరీ, పొట్లం కట్టే కవరు కంటే పల్చటి ప్లాస్టిక్ పొర. జిగురును సూదిమొనతో పెట్టేవాడు, ఎక్కువైతే బ్లేడుతో గీకేసేవాడు. పక్కింట్లో వజ్రాల పని చేసే అబ్బాయిని అడిగి అతని చిన్న కాంటా మీద ప్రతి ముక్కా తూచేవాడు. ఆ కాంటా దగ్గరే ఒకనాడు అన్నాడు: "బరువు ఎంతన్న తగ్గియచ్చు వదినె. భయమే తగ్గియ్యరాదు."

విమానం చేస్తుంటే ఫ్యాను వేయనిచ్చేవాడు కాదు. కళ కొంగుతో ముఖం తుడుచుకుంటూ, "మేం ఉడికి సావాలె, గా కాయితం పిట్ట మాత్రం పదిలంగుండాలె. మీ మర్దికి జర చెప్పరాదక్కా" అనేది.

"గాలే దాని పాణం, గాలే దానికి పగ. నేనేం జేద్దునే?" అని అతను నవ్వేవాడు.

"తలుపులేసిన కాన్నే ఎగరాలె అంటివి. తలుపుకేమో నువ్వు దడుచుకుంటవు. మరి డుమస్‌కు తీస్కపో, ఆడ తలుపే లేదు గద!" అని కళే ఉపాయం చెప్పింది. ఆదివారం అందరం డుమస్ సముద్రం ఒడ్డుకు వెళ్ళాం. రాజేశం విమానాన్ని అరచేతి మీది నుంచి వదిలాడో లేదో, సముద్రపు గాలి దాన్ని ఊదేసింది. రిమోటు పట్టుకుని అతను, వెనక స్రవంతి, ఆమె వెనక చెప్పులు చేత పట్టుకుని నేను ఉరుకుతూనే ఉన్నాం. అది పోయి పోయి టమాట భజియాలు వేస్తున్న బండి మీద, కాగే నూనెలో పడింది. బండివాడు చిల్లుల గరిటెతో ఎత్తి చూపించి, "ఆ షుం ఛే?" అన్నాడు, ఇదేమిటని. "వెజ్ హై భాయ్, టెన్షన్ మత్ లో" అంది స్రవంతి. మేమంతా కడుపు పట్టుకుని నవ్వాం. రాజేశం మాత్రం నూనెలో ముడుచుకుపోయిన ఆ ముక్కను చూస్తూ నిలబడ్డాడు. బస్సు ఎక్కకుండా ఆటోలోనే తిరిగి వస్తుంటే నా పక్కన కూర్చుని, "తలుపెయ్యక తప్పదు వదినె" అన్నాడు.

మరుసటి వారం మన సంఘం హాలు తాళంచెవి తెచ్చాడు. మీకందరికీ తెలిసిన హాలే, ముందు ఇనుప షట్టరు, వెనుక చిన్న తలుపు. వెనుక తలుపు, కిటికీలు కళే మూసింది. కళా, అతనూ లోపల. నేను బయట. షట్టరు దించే ముందు అతను నాతో చెప్పిన మాటలు ఇవి: "నేను 'తియ్యి' అన్న అంటే తియ్యాలె. ఎందుకని అడగద్దు. ఆగుమనద్దు. చెయ్యి షట్టరు మీంచి తియ్యద్దు." అతని పెదవులు తెల్లబడ్డాయి. షట్టరు దించాను. నా చెవికి వినబడకపోతే? పక్కన ఏ లారీ అయినా హారను కొడితే? ఇనుము మీద చెయ్యి పెట్టి, చెవి ఆనించి నిలబడ్డాను. లోపల దోమ చప్పుడు మొదలైందో లేదో, "తియ్యి!" అని కేక. లాగేశాను. చెమటతో తడిసిన చొక్కాతో మెట్ల మీదికి వచ్చి పడ్డాడు. విమానం ఇంకా కళ అరచేతిలోనే ఉంది.

అయినా మళ్ళీ వెళ్ళాం. మళ్ళీ మళ్ళీ వెళ్ళాం. ఒక్కోసారి కొంచెం ఎక్కువ సేపు. ఆ చిన్న బ్యాటరీ ఎంతసేపు నడిస్తే అంతసేపు లోపల ఉండడం, అదీ అతను పెట్టుకున్న గురి. ప్రతిసారీ భయపడ్డాడు. ఒక్కసారి కూడా భయం లేదని చెప్పలేదు. వెళ్ళే రోజు పొద్దుటి నుంచే అన్నం సహించేది కాదు. ఆ రోజుల్లో నాకూ సహించేది కాదు.

దసరాకు మగ్గాలకు, మిషన్లకు పూజ చేస్తాం కదా, ఆ సంవత్సరం కళ విమానానికి కూడా చేసింది. చెప్పకుండా, ఎడమ రెక్క మీద తడి పసుపు, దాని మీద కుంకుమ, దిట్టంగా. ఆ రోజు విమానం ఎంత తిప్పినా ఎడమకే తిరిగింది. రాజేశం తలకిందులుగా పట్టుకుని వెతికితే బొట్టు కనబడింది. కళ ముఖం చిన్నబోయింది. "తుడుస్త తీయ్, తప్పయింది" అంది. "దేవుని బొట్టు తుడుస్తరా?" అని అతను కుడి రెక్క మీద కూడా అంతే పసుపు, అంతే కుంకుమ పెట్టాడు. విమానం సమంగా ఎగిరింది. మనిషి స్వభావం అది. పెండ్లాం చేసిన తప్పు దిద్దడానికి కూడా బొట్టే పెట్టాడు.

తర్వాత వచ్చింది నేను రాయాలా వద్దా అని ఆలోచించిన రోజు. చాలామంది చూసిందే కాబట్టి రాస్తున్నాను.

మన సంఘం కలయిక రోజు అందరి ముందు ఎగరేయమని పెద్దలు అడిగారు. రాజేశం కొత్త విమానం చేశాడు. సూరత్ జరీ తయారుచేసే బంగారు రంగు పొర ఒక కార్ఖానా నుంచి తెచ్చి, రెక్కలకూ పొట్టకూ అంతటా అదే అతికించాడు. జరీ నేసిన చేతికి అంతకంటే పల్చటిది, అందమైనది ఏం తోస్తుంది? పెళ్ళికూతురిలా మెరిసింది. హాలు నిండా జనం. ఫ్యాన్లు ఆపారు. కళ, స్రవంతి లోపల అతని పక్కన. నేను షట్టరు దించి బయట నిలబడ్డాను. ఇనుప పట్టీల సందుల్లో నుంచి కొంచెం కొంచెం కనబడుతోంది. బంగారు పిట్ట లేచింది. జనం "వాహ్" అన్నారు. అంతే, ఆ తర్వాత అది అతని మాట వినలేదు. తిప్పితే తిరగలేదు, దింపితే దిగలేదు. పైకి పైకి పోయి ఆగి ఉన్న ఫ్యాను రెక్కకు చిక్కుకుని వేలాడింది. నవ్వులు. "విమానం స్టేషనుకు జేరింది" అని ఎవరో కేక వేశారు.

అదే సమయానికి బయట ఆడుతున్న పిల్లలు షట్టరును పట్టుకుని ఊగడంతో అది గాడి తప్పింది. లోపల నుంచి "తియ్యి వదినె" అన్నాడు. లాగాను. కదలలేదు. "తియ్యి వదినె!" ఇంకా గట్టిగా లాగాను. వెనుక తలుపు దగ్గరికి జనం అడ్డం. లోపల ఎవరో ఇంకా నవ్వుతూనే ఉన్నారు. ఆ నవ్వుల మధ్య అతని గొంతు మారిపోయింది. అది మనిషి గొంతులా లేదు. నేను అంత భయపడ్డది నా జీవితంలో లేదు, మొన్న ఆటోలో కూడా లేదు. ఏం చేయాలో తోచక నేల మీద కూలబడి, షట్టరు కింద ఉన్న సందులో నుంచి వేళ్ళు లోపలికి పెట్టాను. "ఇక్కడనే ఉన్న రాజేశం. యాడికి పోలే. ఇక్కడనే ఉన్న" అంటూనే ఉన్నాను. కాసేపటికి చల్లటి వేళ్ళు వచ్చి నా వేళ్ళను పట్టుకున్నాయి. మగవాళ్ళు ఇనుప కడ్డీ తెచ్చి షట్టరు లేపేదాకా ఆ వేళ్ళు అలాగే ఉన్నాయి.

బయటికి వచ్చి మెట్ల పక్కన వాంతి చేసుకున్నాడు. ఆ తర్వాత కొంతమంది అతన్ని 'షట్టరు రాజేశం' అని పిలిచారు. పిలిచిన వాళ్ళు ఇది చదువుతారు. వాళ్ళ మీద నాకు కోపం లేదు. అతనికీ ఉండేది కాదు. ఒకరోజు కూరగాయల బండి దగ్గర ఎవరో అలా పిలిస్తే, "షట్టరు బాగైందా అన్నా? నూనె పెట్టుండ్రి జర" అని వచ్చాడు.

హస్ముఖ్‌భాయ్ ఆ జరీ విమానాన్ని చేతిలో తిప్పి చూసి, నుదురు కొట్టుకుని నవ్వాడట. ఆ బంగారు పొర వెనుక సన్నటి అల్యూమినియం పూత ఉంటుందనీ, రిమోటు పంపే సంకేతాన్ని అది లోపలికి పోనివ్వదనీ చెప్పాడు. ఇంటికి వచ్చి రాజేశం ఆ పొరను గోరుతో మెల్లగా ఒలుస్తూ నాతో అన్నాడు: "నేను బయట నుంచి మొత్తుకుంటనే ఉన్న వదినె. దానికి లోపల ఇనరాలేదు. పాపం."

ఇక ఆపేస్తాడనుకున్నాను. ఆపేయాలని మొక్కుకున్నాను కూడా. మరుసటి ఆదివారం చెప్పులు వేసుకుంటూ, "హాలు ఖాళీగున్నదట. వస్తవా వదినె?" అన్నాడు. వెళ్ళాను. అలా వెళ్ళి వెళ్ళి, ఒకరోజు అడాజన్ హాల్లోనే, హస్ముఖ్‌భాయ్ మనుషుల మధ్య, తలుపులన్నీ మూసుకుని లోపల నిలబడ్డాడు. ఈసారి కిటికీ ఊచల దగ్గర ముఖం ఆనించింది నేను. విమానం గోడ దాకా నడిచినట్టే వెళ్ళి, మెల్లగా ఒంగి, తిరిగి వచ్చింది. బ్యాటరీ అయిపోయేదాకా ఎగరేశాడు. దిగేటప్పుడు దాని వెంట తనూ వంగి, నేలకు ఆనకముందే అరచేతిలోకి తీసుకున్నాడు. ముఖం మాత్రం మొదటి రోజులాగే తెల్లగా ఉంది. మధ్య మధ్య తలెత్తి నేనున్నానా అని కిటికీ వైపు చూస్తున్నాడు.

అలాంటి మనిషిని మంచు పెట్టెలో పడుకోబెట్టి, గాజు మూత ఎత్తి పట్టుకుని, జల్దీ బోలో అంటున్నారు.

మల్లేశం తల పట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు. ఐసు దిమ్మలు తెప్పిద్దామని ఒకరు, ఈ ఎండకు అవి నిలవవని ఒకరు. కళ పెట్టె వదలడం లేదు. కొడుకు ముఖం చూడకపోతే అత్తమ్మ బతకదు. మూత వేస్తే మేము బతకలేము. అప్పుడు స్రవంతి వచ్చి నా పక్కన కూర్చుంది. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది.

"పెద్దమ్మా, ఆ రోజు షట్టర్ తెరువకముందే బాపు అరుసుడు ఆపిండు. నేను పక్కనే ఉన్న, చూసిన. నువ్వు వేళ్ళు పెట్టినంక ఆపిండు" అంది.

కొంగుతో ఆమె ముఖం తుడిచాను.

"నాకొకసారి చెప్పిండు. లిఫ్టుల పొగకు భయం కాలేదట. చీకటికి గూడ కాలేదట. అరిస్తే బయట ఇనేటోడు ఒక్కడు గూడ లేడని తెలిసిందట, గప్పటి సంది డర్ బైఠ్ గయా, భయం లోపల కూసున్నది అన్నడు. అమ్మకు, పెద్దమ్మకు చెప్పకు, బాధపడతరు అన్నడు."

ఇన్నేళ్ళు నేను తలుపుకు కాపలా ఉన్నాననుకున్నాను. లేచి కళ దగ్గరికి వెళ్ళాను. "కళా, మూత ఎయ్యనీ. మనం యాడికి పోతం? చెయ్యి దాని మీదనే పెట్టి కూసుందాం" అన్నాను. కళ తనే జరిగి చోటిచ్చింది. మూత పడింది. గాజు మీద నా చెయ్యి పెట్టాను. "హాథ్ మత్ రఖో బహెన్, ఠండా లగేగా" అన్నాడు పెట్టె తెచ్చినవాడు, చెయ్యి చల్లబడుతుందని. మల్లేశం అతన్ని భుజం పట్టి అవతలికి తీసుకువెళ్ళాడు. నా తర్వాత కళ, కళ తర్వాత స్రవంతి, తర్వాత మల్లేశం. కబురు తెలిసి వచ్చిన హస్ముఖ్‌భాయ్ ఏమీ అడగకుండా చెప్పులు విడిచి, తన వంతు కూర్చున్నాడు. అత్తమ్మ వచ్చేదాకా ఆ మూత మీద చెయ్యి లేని క్షణం లేదు. భయం మాత్రం పోలేదు. గాజు కింద అతని పెదవులు కదిలాయేమో అని మాటిమాటికి వంగి చూస్తూనే ఉన్నాను.

అత్తమ్మ ఆటో దిగుతుండగానే మూత నేనే తీశాను. ఆమె కొడుకు చెంప మీద చెయ్యి వేసి, "గింత సల్లగైనవేంది బిడ్డా" అంది. ఆ తర్వాత మళ్ళీ మూత వేయలేదు. దహనం చేసేటప్పుడు కూడా శ్మశానంలో తలుపున్న గ్యాసు కొలిమి వద్దని, ఆరుబయట కట్టెల మీదనే పెట్టారు.

రాజేశం గొప్పవాడని నేను రాయడం లేదు. అతను చేసిన విమానాలు చూసి నేర్చుకోవడానికి ఎవరూ రారు. పెద్ద చదువు లేదు, పెద్ద పేరు లేదు. ప్రతిసారీ గజగజ వణుకుతూ, ప్రతిసారీ తలుపు మూయమని తనే అడిగినవాణ్ణి నేను మరొకణ్ణి చూడలేదు, ఇక చూడను. అతని ఆత్మకు శాంతి కలగాలని నలుగురూ అంటున్నారు. ఆ ఆత్మ ఎక్కడున్నా, కేక వేస్తే వినేంత దూరంలో ఎవరో ఒకరు ఉండాలని నేను దేవుణ్ణి అడుగుతున్నాను.

కర్మకు చుట్టాలు ఎక్కువమంది వచ్చారని మల్లేశం స్నానాల గదికి కొత్త తలుపు, గడియ పెట్టించాడు. చుట్టాలు వెళ్ళిపోయారు. నిన్న కళ స్నానానికి వెళ్ళి గడియ వేసుకుంది. పొయ్యి దగ్గర ఉన్న నాకు ఆ చప్పుడు వినబడింది. మంట తగ్గించి, వెళ్ళి తలుపు బయట నిలబడ్డాను.

"ఎవలు?" అంది కళ లోపలి నుంచి.

"నేనే."

"ఏం గావాలక్కా?"

"ఏం వద్దు. నువ్వు నీళ్ళు పోసుకో."

లోపల చెంబు ముంచిన చప్పుడు వినబడింది. ఆమె బయటికి వచ్చేదాకా నేను అక్కడే ఉన్నాను.